వెండితెర నుంచి ఇంటి అలమారకు: హాలీవుడ్ పాత చిత్రాల వీడియో చరిత్ర

అచ్చయిన పుస్తకం పాఠకుడి సొంతం. కావలసినప్పుడు తీసి చదువుకోవచ్చు, నచ్చిన పుటకు తిరిగి వెళ్లవచ్చు, చదివిన తరువాత మరొకరి చేతికి ఇవ్వవచ్చు. గ్రామఫోను రికార్డు వచ్చిన నాటి నుంచి సంగీతానికి కూడా ఈ భాగ్యం అబ్బింది. చలనచిత్రానికి మాత్రం అది పుట్టిన 1895 నుంచి దాదాపు ఎనభై సంవత్సరాల పాటు ఈ యోగం పట్టలేదు. 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు కొనగలిగిన కొద్దిమంది సేకర్తలను మినహాయిస్తే, ప్రేక్షకుడు చిత్రాన్ని చూడగలిగాడే గాని దాచుకోలేకపోయాడు. ఏ చిత్రం ఎప్పుడు, ఎక్కడ, ఎంత కాలం కనబడాలో నిర్ణయించే అధికారం పూర్తిగా నిర్మాతల చేతిలోను, ప్రదర్శకుల చేతిలోను ఉండేది. వీడియో టేపు ఈ స్థితిని మార్చింది. ఆ మార్పు అన్నిటికంటె స్పష్టంగా కనిపించేది అమెరికాలో 1930 నుంచి 1960 వరకు వెలువడిన హాస్య చిత్రాలు, సంగీత నృత్య చిత్రాలు, పశ్చిమ సీమ కౌబాయ్ చిత్రాల విషయంలోనే. ఒక సీజను సరుకుగా తయారై, మూలన పడిన ఈ చిత్రాలు జాతి వారసత్వంగా గుర్తింపు పొందిన తీరు సంస్కృతీ పరిరక్షణను గురించి ఆలోచించే వారందరికీ ఉపయోగపడే చరిత్ర.

మూడు ప్రక్రియలు

హాలీవుడ్ స్టూడియో వ్యవస్థ పరిపూర్ణంగా పండించిన పంటలు ఈ మూడు. సంగీత నృత్య చిత్రాలకు మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ పుట్టినిల్లు వంటిది. అక్కడ ఆర్థర్ ఫ్రీడ్ నిర్మాతగా ‘మీట్ మీ ఇన్ సెయింట్ లూయిస్’ (1944), ‘ఆన్ ద టౌన్’ (1949), ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’ (1951), ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ (1952), ‘ద బ్యాండ్ వాగన్’ (1953) వెలువడ్డాయి. నర్తకుడి శరీరం ఆపాదమస్తకం తెరపై కనబడాలనీ, నృత్యాన్ని ముక్కలు ముక్కలుగా కోయరాదనీ ఫ్రెడ్ ఆస్టేర్ పట్టుబట్టేవాడు. ఆ నియమం ఈ ప్రక్రియకు వ్యాకరణ సూత్రమైంది.

హాస్య చిత్రాలకు మాటే ప్రాణం. హోవర్డ్ హాక్స్ ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ (1940)లో పాత్రలు ఒకరి మాట పూర్తికాకముందే మరొకరు అందుకుంటారు. ప్రెస్టన్ స్టర్జెస్ ‘ద లేడీ ఈవ్’ (1941), విలియం వైలర్ ‘రోమన్ హాలిడే’ (1953), బిల్లీ వైల్డర్ ‘సమ్ లైక్ ఇట్ హాట్’ (1959) ఈ సంప్రదాయంలోని ఇతర మణులు. కౌబాయ్ చిత్రాలకు ప్రాణం స్థలం. జాన్ ఫోర్డ్ ‘స్టేజ్‌కోచ్’ (1939) మొదలు ‘ద సెర్చర్స్’ (1956) వరకు మాన్యుమెంట్ వ్యాలీ ఎర్రరాతి కొండలను పాత్రలుగా మలచుకున్నాడు. హాక్స్ ‘రెడ్ రివర్’ (1948), ఫ్రెడ్ జిన్నెమన్ ‘హై నూన్’ (1952), జార్జ్ స్టీవెన్స్ ‘షేన్’ (1953) ఆ సీమకు నైతిక గాంభీర్యాన్ని తెచ్చాయి.

శరీరం, మాట, స్థలం అనే ఈ మూడు అంశాలూ చిన్న తెరపైకి వచ్చేటప్పుడు వేర్వేరు పరీక్షలకు గురి అయినాయి. వీడియో చరిత్రలో తరువాత తలెత్తిన వివాదాలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

గిడ్డంగిలోని సరుకు

స్టూడియోల దృష్టిలో పాత చిత్రానికి విలువ అతి స్వల్పం. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారామౌంట్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు ఫలితంగా పెద్ద స్టూడియోలు తమ థియేటర్లను వదులుకోవలసి వచ్చింది. అదే సమయంలో టెలివిజన్ ఇంటింటికీ చేరింది. ఆదాయం తగ్గిన స్టూడియోలు పాత చిత్రాల హక్కులను మూటగట్టి అమ్మసాగాయి. వార్నర్ సంస్థ 1950కి పూర్వపు తన చిత్రాలను 1956లో 2 కోట్ల 10 లక్షల డాలర్లకు అమ్మివేసింది. పారామౌంట్ తన పాత చిత్రాలను 1958లో 5 కోట్ల డాలర్లకు ఎం.సి.ఎ. సంస్థకు ఇచ్చింది. ఆ విధంగా ఒక తరానికి ఈ చిత్రాలు టెలివిజన్ ద్వారా పరిచయమైన మాట నిజమే. కాని అవి ప్రకటనల కోసం కోతకు గురి అయినవి. నాటి టెలివిజన్ సెట్లలో అధిక భాగం నలుపు తెలుపువి కావడం వల్ల టెక్నికలర్ వైభవమంతా బూడిద రంగుగా మారినది.

1970 మే నెలలో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ తన దుస్తులను, సామగ్రిని వేలం వేసింది. ‘ద విజార్డ్ ఆఫ్ ఓజ్’ (1939)లో జూడీ గార్లాండ్ ధరించిన కెంపు రంగు పాదరక్షల జత 15,000 డాలర్లకు పోయింది. నాలుగు సంవత్సరాల తరువాత, 1974లో, అదే సంస్థ తన పాత సంగీత చిత్రాల ఘట్టాలను ఏర్చికూర్చి ‘దట్స్ ఎంటర్‌టైన్‌మెంట్!’ అనే చిత్రాన్ని విడుదల చేయగా ప్రేక్షకులు బారులు తీరారు. పాత సరుకుగా భావించినది పెట్టుబడి అని సంస్థకు అప్పుడు తెలిసింది.

టేపు యుగం

సోనీ సంస్థ 1975లో బీటామాక్స్‌ను, జె.వి.సి. సంస్థ 1976లో జపానులో వి.హెచ్.ఎస్. పద్ధతిని ప్రవేశపెట్టాయి. టెలివిజన్ కార్యక్రమాలను టేపుపై దాచుకొని తీరిక వేళ చూడడానికి ఉద్దేశించిన యంత్రాలివి. వాటికి చిత్రాలను సరుకుగా అందించవచ్చునని ముందుగా ఊహించినవాడు మిచిగన్ రాష్ట్రానికి చెందిన ఆండ్రీ బ్లే. ఆయన తన మాగ్నెటిక్ వీడియో సంస్థ తరఫున 1977లో ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ నుంచి 50 చిత్రాల హక్కులు పొంది, తపాలా ద్వారా ఒక్కొక్క కేసెట్‌ను 50 డాలర్లకు కొంచెం తక్కువగా అమ్మాడు. ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ (1965) ఆ తొలి జాబితాలో ఉన్నది. అదే సంవత్సరం చివర జార్జ్ అట్కిన్సన్ లాస్ ఏంజెలెస్‌లో కేసెట్లు అద్దెకిచ్చే దుకాణం తెరిచాడు. కొన్న వస్తువును తిరిగి అమ్మడానికి, అద్దెకివ్వడానికి కొన్నవాడికి హక్కున్నదనే న్యాయసూత్రం ఆ దుకాణాలను నిలబెట్టింది.

పెద్ద సంస్థలు దీనిని ప్రమాదంగానే చూశాయి. యూనివర్సల్, డిస్నీ సంస్థలు 1976లోనే సోనీపై వ్యాజ్యం వేశాయి. 1984 జనవరిలో సుప్రీంకోర్టు ఒకే ఒక్క న్యాయమూర్తి ఆధిక్యంతో, అంటే 5-4 తీర్పుతో, ఇంటిలో సొంత వినియోగానికి కార్యక్రమాలను రికార్డు చేసుకోవడం నేరం కాదని తేల్చింది. విచిత్రమేమంటే, ఏ యంత్రాన్ని నిషేధింపజేయాలని పరిశ్రమ పోరాడిందో ఆ యంత్రమే 1980ల ద్వితీయార్ధానికి థియేటర్లకంటె ఎక్కువ ఆదాయాన్ని పరిశ్రమకు తెచ్చిపెట్టింది.

కొత్త చిత్రాన్ని ప్రేక్షకుడు ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుంటాడు. పాత చిత్రాన్ని కొని దాచుకుంటాడు. వ్యాపారంలో తేలిన ఈ వ్యత్యాసం సంస్కృతికి మేలు చేసింది. మళ్లీ మళ్లీ చూడదగిన నృత్యం, వెనుకకు తిప్పి వినదగిన సంభాషణ ఉన్న చిత్రాలకే అలమారలో స్థానం దొరికింది. గిడ్డంగిలో ఏమున్నదో స్టూడియోలు లెక్కచూసుకోవడం ఆ తరువాతనే మొదలైంది.

యజమాని లేని చిత్రాలు

అమెరికా కాపీరైటు చట్టంలోని ఒక నియమం ఈ కథలో ఊహించని పాత్ర వహించింది. 1964కు పూర్వం వెలువడిన కృతికి మొదట 28 సంవత్సరాల రక్షణ ఉండేది. 28వ సంవత్సరంలో దరఖాస్తు పెట్టి పొడిగించుకోకపోతే ఆ కృతి ప్రజల ఉమ్మడి సొత్తు అయ్యేది. కార్యాలయాల అజాగ్రత్త వల్ల కొన్ని గొప్ప చిత్రాలు ఇలా యజమానులను కోల్పోయినాయి. ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ వాటిలో ఒకటి. ఆస్టేర్ గోడలపై, పైకప్పుపై నర్తించే ‘రాయల్ వెడ్డింగ్’ (1951) మరొకటి.

ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ (1946) కథ మరింత ఆసక్తికరం. విడుదలైనప్పుడు పెట్టుబడి కూడా రాబట్టలేకపోయిన ఆ చిత్రానికి 1974లో కాపీరైటు పొడిగింపు జరగలేదు. రుసుము చెల్లించనక్కరలేదు గనుక టెలివిజన్ కేంద్రాలు ప్రతి క్రిస్మస్‌కు దానిని పదే పదే ప్రసారం చేశాయి. కేసెట్ల వ్యాపారులు లెక్కలేనన్ని ప్రతులు తీశారు. అలా అది అమెరికా ప్రజల పండుగ చిత్రంగా స్థిరపడింది. ‘రియర్ విండో’ చిత్రపు మూల కథ విషయంలో 1990లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆధారం చేసుకొని, రిపబ్లిక్ సంస్థ 1993లో మూల కథ హక్కులు, సంగీతం హక్కులు చూపి కాప్రా చిత్రంపై తిరిగి అదుపు సాధించింది. యజమాని లేకపోవడం వల్ల ప్రసిద్ధమైన చిత్రం, ప్రసిద్ధమైనందువల్లనే మళ్లీ యజమానిని సంపాదించుకున్నది.

ఉమ్మడి సొత్తుకు మరొక ముఖమూ ఉన్నది. ఎవరైనా అమ్మగల చిత్రానికి ఎవరూ ఖర్చు పెట్టరు. అరిగిపోయిన 16 మి.మీ. ప్రింట్ల నుంచి తీసిన మసక కేసెట్లు చౌకగా అంగళ్లను నింపాయి. మంచి ప్రతి తయారు చేయాలనుకున్న సంస్థకు తన శ్రమను మరునాడే ఇతరులు నకలు చేస్తారనే భయం ఉండేది. హక్కుల నిర్బంధం వల్ల చిత్రం కనబడకపోవడం ఒక కష్టం. హక్కులే లేక చిత్రం చెడిపోయిన రూపంలో కనబడడం మరొక కష్టం.

తెర వెడల్పు, రంగు

1953లో ‘ద రోబ్’ చిత్రంతో వచ్చిన సినిమాస్కోప్ తెర ఎత్తుకు రెండున్నర రెట్ల వెడల్పు గలది. టెలివిజన్ తెర నిష్పత్తి నాలుగుకు మూడు. వెడల్పు చిత్రాన్ని ఆ చతురస్రంలో ఇమడ్చడానికి వీడియో సంస్థలు ఇరుపక్కలా దాదాపు సగం దృశ్యాన్ని కోసివేసి, మిగిలిన భాగాన్ని అటూ ఇటూ జరుపుతూ చూపాయి. స్టాన్లీ డోనెన్ తీసిన ‘సెవెన్ బ్రైడ్స్ ఫర్ సెవెన్ బ్రదర్స్’ (1954)లో పల్లెవాసులు ధాన్యపు కొట్టం నిర్మించే సందర్భంలోని నృత్యం దీనికి మంచి నిదర్శనం. అన్నదమ్ములూ, వారి ప్రత్యర్థులూ, యువతులూ తెర ఈ చివర నుంచి ఆ చివర వరకు పరచుకొని నర్తించే ఆ ఘట్టంలో ఇరుపక్కలా కోస్తే నృత్యరచనే అర్థం కోల్పోతుంది. తెరకు పైనా కిందా నల్లని పట్టీలు ఉంచి పూర్తి వెడల్పును చూపే పద్ధతిని 1984లో ప్రారంభమైన క్రైటీరియన్ లేజర్ డిస్కులు ఆదరణలోకి తెచ్చాయి. చిత్రంతోపాటు పండితుడి వ్యాఖ్యానాన్ని ప్రత్యేక శబ్దమార్గంలో వినిపించడం కూడా వారి ‘కింగ్ కాంగ్’ డిస్కుతో మొదలైంది. మన కావ్యాలకు వ్యాఖ్యాన సంప్రదాయం ఎటువంటిదో ఇది చలనచిత్రానికి అటువంటిది.

రంగు విషయంలో వివాదం మరింత తీవ్రమైంది. టెడ్ టర్నర్ 1986లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థను కొని, తరువాత సంస్థలోని ఇతర విభాగాలను వదులుకున్నా, పాత చిత్రాల భాండాగారాన్ని తన వద్దనే ఉంచుకున్నాడు. నలుపు తెలుపు చిత్రాలకు కంప్యూటరు సహాయంతో రంగులు వేయించి ప్రసారం చేయడం, కేసెట్లుగా అమ్మడం సాగించాడు. దర్శకుడు జాన్ హ్యూస్టన్, నటుడు జేమ్స్ స్టూవర్ట్ దీనిని బహిరంగంగా నిరసించారు. నలుపు తెలుపు అనేది రంగుల లేమి కాదు, ఛాయాగ్రాహకుడు ఎంచుకున్న భాష. ‘హై నూన్’లో ఫ్లాయిడ్ క్రాస్బీ ఆకాశానికి అందం తెచ్చే ఫిల్టర్లను వదలి, పాత వార్తాచిత్రంలాగా తెల్లగా ఎండిపోయిన వెలుతురును కోరి చిత్రించాడు. అటువంటి ఆకాశానికి నీలం పూయడం వాక్యం మధ్యలో వేరొకరి మాట చొప్పించడం వంటిది. హ్యూస్టన్ మరణానంతరం ఆయన వారసులు వేసిన వ్యాజ్యంలో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం 1991లో కళాకారుడి నైతిక హక్కును సమర్థించింది.

అమెరికాలో ఈ వివాదం వేరొక ఫలితాన్నిచ్చింది. 1988లో కాంగ్రెసు జాతీయ చలనచిత్ర పరిరక్షణ చట్టం చేసింది. మరుసటి సంవత్సరం జాతీయ పట్టికలో చేర్చిన తొలి 25 చిత్రాలలో ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’, ‘సమ్ లైక్ ఇట్ హాట్’, ‘హై నూన్’, ‘ద సెర్చర్స్’ ఉన్నాయి. అంటే హాస్యం, నృత్యం, కౌబాయ్ కథ మూడూ మొదటి వరుసలోనే నిలిచాయి. వాటిలో ‘ద సెర్చర్స్’ విడుదలైన ఏట ఒక్క ఆస్కార్ ప్రతిపాదన కూడా పొందని చిత్రం కావడం గమనార్హం. నిందలు మోసిన టర్నరే 1994లో పాత చిత్రాలను ప్రకటనల కోతలు లేకుండా, అసలు రూపంలో ప్రసారం చేసే టర్నర్ క్లాసిక్ మూవీస్ కేంద్రాన్ని ప్రారంభించాడు.

పునరుద్ధరణ

అమ్మవలసి వచ్చినప్పుడు అసలు ప్రతి కోసం వెతకవలసి వస్తుంది. వెతికినప్పుడు గాని ఏమి పోయిందో తెలియదు. జార్జ్ క్యూకర్ దర్శకత్వంలో జూడీ గార్లాండ్ నటించిన ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ (1954) మొదటి ప్రదర్శనలో మూడు గంటల చిత్రం. రోజుకు మరిన్ని ఆటలు వేయాలనే తొందరలో సంస్థ దానిని 154 నిమిషాలకు కుదించింది. చలనచిత్ర పండితుడు రోనాల్డ్ హేవర్ గిడ్డంగులు గాలించి పూర్తి శబ్దపథాన్ని, పోయిన కొన్ని ఘట్టాలను సంపాదించాడు. దొరకని చోట్ల నిశ్చల ఛాయాచిత్రాలను నాటి మాటలకు జతచేసి 1983లో 176 నిమిషాల ప్రతిని సిద్ధం చేశాడు. క్యూకర్ ఆ ప్రతిని చూడకుండానే అదే సంవత్సరం జనవరిలో మరణించాడు. వీడియో రూపంలో ఇంటింటికీ చేరినది ఈ అతుకుల ప్రతే. కదలని బొమ్మలపై కదిలే గొంతులు వినిపించే ఆ నిమిషాలు, వ్యాపారం తొందరలో ఏమి పారవేసిందో ప్రతి ప్రేక్షకుడికీ చూపుతాయి.

‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ మూల నెగెటివ్ అగ్నికి ఆహుతి అయింది. 1978లో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ నైట్రేట్ నిల్వలలో జరిగిన ప్రమాదం ఎన్నో చిత్రాల మూల ప్రతులను ఇలాగే బలిగొన్నది. టెక్నికలర్ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వర్ణాలను మూడు వేర్వేరు నలుపు తెలుపు పట్టీలపై నమోదు చేసేవారు. కాలక్రమాన ఆ పట్టీలు వేర్వేరు కొలతలలో కుంచించుకుపోయి, వాటిని కలిపినప్పుడు బొమ్మ అంచులు చెదిరేవి. వార్నర్ సంస్థ నిపుణులు భద్రపరచిన ప్రతుల నుంచి మూడు వర్ణాలను కంప్యూటరులో విడివిడిగా సరిదిద్ది ఒకదానిపై ఒకటి కచ్చితంగా అమర్చారు. 2002లో వచ్చిన ఆ చిత్రపు డి.వి.డి. ఈ పద్ధతి ఫలితమే. 1997లో అమెరికా అంగళ్లలోకి వచ్చిన డి.వి.డి. తెచ్చిన లాభాలే ఇంతటి ఖర్చును భరించాయి. ప్రభుత్వ గ్రంథాలయమో, విశ్వవిద్యాలయమో చేయవలసిన పనికి ఆ దశాబ్దంలో సామాన్య కొనుగోలుదారుడు మూల్యం చెల్లించాడు.

మన అనుభవం

ఈ చిత్రాలు తెలుగు ప్రేక్షకుడికి కూడా పూర్తిగా పరాయివి కావు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) పాశ్చాత్య కౌబాయ్ సంప్రదాయాన్ని తెలుగు నేలకు తెచ్చింది. దానికి రచన ఆరుద్రది. అప్పటికి వీడియో లేదు. థియేటరులో చూసి జ్ఞాపకంలో మోసుకువచ్చినదే రచయితకూ, ప్రేక్షకుడికీ ఆధారం. 1982లో ఆసియా క్రీడల సందర్భంగా రంగుల టెలివిజన్ ప్రవేశించిన తరువాత మన దేశంలోను వీడియో విస్తరించింది. దొంగ కేసెట్ల బెడద తట్టుకోలేక 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించవలసి వచ్చింది.

టర్నర్ నాటి రంగుల చర్చ మన ఇంటి గడపకూ వచ్చింది. కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ (1957) రంగుల ప్రతి 2010లో హైదరాబాదు సంస్థ కృషితో విడుదలై జనాదరణ పొందింది. కొత్త తరాన్ని థియేటరుకు రప్పించిన ఘనత దానిది. కాని మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులలో వెలిగించిన ఆ వెన్నెల నౌకావిహారం అసలు రూపంలో కూడా అంతే శ్రద్ధతో భద్రపడవలసి ఉన్నది. రోచెస్టర్ వంటి ప్రమాదమూ మనకు తప్పలేదు. 2003 జనవరిలో పూణేలో జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేట్ ఫిల్ముపై ఉన్న పాత భారతీయ చిత్రాలు అనేకం నశించాయి.

మళ్లీ మొదటికి?

డి.వి.డి. వ్యాపారం క్షీణించిన కొద్దీ స్టూడియోలు పాత చిత్రాలపై ఖర్చు తగ్గించాయి. వార్నర్ సంస్థ 2009లో, ఎవరైనా కోరినప్పుడు ఒక్కొక్క ప్రతిగా డిస్కు తయారుచేసి పంపే పద్ధతి ప్రారంభించి, అరుదైన చిత్రాలను అందుబాటులో ఉంచింది. ఆ తరువాత వీక్షణం అంతర్జాల ప్రసారాలకు మళ్లింది. పాత చిత్రాల కోసం టర్నర్, క్రైటీరియన్ సంస్థలు కలిసి నడిపిన ఫిల్మ్‌స్ట్రక్ సేవ 2018 నవంబరులో యాజమాన్య నిర్ణయంతో మూతపడింది. చందాదారులు నిరసించారు, దర్శకులు విజ్ఞప్తి చేశారు. 2019లో క్రైటీరియన్ తన సొంత సేవను ప్రారంభించడంతో ఆ లోటు కొంత తీరింది. 2024లో అమెరికాలోని పెద్ద విక్రయ సంస్థ బెస్ట్ బై డిస్కుల అమ్మకాన్నే నిలిపివేసింది.

చందా చెల్లించి చూసేవాడికి చిత్రం కనబడుతుంది గాని సొంతం కాదు. ఒక ఒప్పందం ముగిసిన మరునాడు అది మాయమైతే అడిగే హక్కు అతనికి లేదు. 1975కు పూర్వం థియేటరు ముందు నిలబడిన ప్రేక్షకుడి స్థితి ఇదే. మధ్యలో గడచిన కొద్ది దశాబ్దాలలో మాత్రమే సామాన్యుడు చలనచిత్రాన్ని పుస్తకంలాగా అలమారలో పెట్టుకోగలిగాడు.

చట్టం చిత్రాన్ని పట్టికలో చేర్చగలదు. మార్కెట్టు లాభమున్నంత వరకు దానిని బాగుచేయించగలదు. ఈ రెండూ తప్పుకున్న చోట నిలవవలసినది భాండాగారం. 1964లో పూణేలో స్థాపితమైన మన జాతీయ చలనచిత్ర భాండాగారం వంటి సంస్థలకు నిధులు కేటాయించే వేళ హాలీవుడ్ అనుభవాన్ని గుర్తుచేసుకోవలసి ఉన్నది. 1970లో వేలం వేసిన సంస్థ అధికారులు అజ్ఞానులు కారు. నాటి జమాఖర్చుల పుస్తకాలలో పాదరక్షలకు ధర ఉన్నది. పాటలకు, నృత్యాలకు భవిష్యత్తులో రాగల విలువను రాసుకోవడానికి మాత్రం గడి లేదు.